నీలం పెట్టె

"పదీ పద్నాలుగుకి మొదటి ఇంజక్షన్ ఇచ్చాను సార్. పదీ ఇరవై రెండుకి రెండోది. పదిన్నరకి మూడోది. పదీ యాభైకి ప్రాణం పోయింది."

లాకప్ ఊచలు పట్టుకుని లాల్ అహ్మద్ చెప్పాడు. ఈ పొద్దున్నదాకా అతను గరికమళ్ళ పోలీస్ స్టేషన్లో కానిస్టేబుల్. ఇప్పుడు బెల్టూ టోపీ తీసేసుకుని అదే స్టేషన్ లాకప్‌లో పెట్టారు.

సి.ఐ.డి. ఇన్‌స్పెక్టర్ జయరావు వాచీ చూసుకున్నాడు. రెండూ యాభై. మనిషి పోయి సరిగ్గా నాలుగు గంటలు.

"నిమిషాలతో సహా ఎలా గుర్తున్నాయి?"

"గుర్తు కాదు సార్, రాశాను. సూది తియ్యగానే టైము రాయాలి, కాగితం లేకపోతే గోడమీదైనా రాయాలి అని డాక్టరమ్మ నేర్పింది. వరండా గదిలో బల్ల పక్కన చూడండి."

జయరావు వెళ్ళి చూశాడు. సున్నం గోడమీద పెన్సిల్‌తో మూడు టైములు. మొదటిది నీటుగా ఉంది. మూడోది రాసేటప్పటికి అంకెలు వంకర్లు పోయాయి.

పోయినవాడి పేరు యేసుపాదం. పురుగుమందుల గోడౌనులో కూలి. కిందటేడు తెల్లదోమ పత్తిచేలని పీల్చేస్తుంటే రైతులు ఎంత మందు కొట్టినా ఒక్క దోమ చావలేదు. ఆ డబ్బాల్లో రంగునీళ్ళు పోసి మూతలు బిగించింది తన చేతులేనని యేసుపాదం ముందుకొచ్చి చెప్పాడు. రేపు, సోమవారం, నరసరావుపేట కోర్టులో అతని సాక్ష్యం. గోడౌను మనుషులు ఏమన్నా చేస్తారేమోనని శనివారం సాయంత్రమే తెచ్చి స్టేషన్లో ఉంచారు. ఆ స్టేషన్లోనే కందిరీగ కుట్టి పోయాడు.

కందిరీగ కుడితే మనిషి పోతాడా అని గరికమళ్ళలో ఎవరూ అడగరు. రెండేళ్ళ కిందట పత్తిచేలో మందు కొడుతుంటే ఒకే ఒక్క కందిరీగ కుట్టి యేసుపాదం ఒళ్ళంతా దద్దుర్లు లేచి, గొంతు వాచి, ఊపిరాడక పడిపోయాడు. లాల్ అహ్మదే జీపులో వేసుకుని ముప్ఫై కిలోమీటర్ల అవతల మిషన్ ఆస్పత్రికి చేర్చాడు. ఇది ఎలర్జీ అనీ, ఇంకో అయిదు నిమిషాలు ఆలస్యమైతే దక్కేవాడు కాదనీ అక్కడి డాక్టర్ గుల్జార్ బేగం చెప్పింది. చెప్పి ఊరుకోలేదు. ఎస్పీ ఆఫీసుకి వెళ్ళి కూర్చుంది. ఆస్పత్రికి దూరంగా ఉన్న ఆరు స్టేషన్లకి ఆరు పెట్టెలు ఇస్తాను, స్టేషన్‌కి ఇద్దరు చొప్పున కానిస్టేబుళ్ళని ఎనిమిది రోజులు నా దగ్గరికి పంపండి, మనిషిని బతికించటం నేర్పుతాను అంది.

అలా వచ్చిందే వరండా గది గోడకి వేలాడుతున్న నీలంరంగు రేకు పెట్టె. అందులో రెండు అడ్రినలిన్ యాంప్యూల్స్ (ఒక్కో గాజు గొట్టంలో రెండు ఇంజక్షన్లకి సరిపడా మందు), మరగబెట్టిన గాజు సిరంజి, సూదులు, స్పిరిటు, దూది. ఇప్పుడు యాంప్యూల్స్ ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది.

జయరావు తిరిగి లాకప్ దగ్గరికొచ్చాడు.

"మందు పనిచేస్తే ఎలా తెలుస్తుందంది డాక్టరమ్మ?"

"నాడి పరుగెత్తుతుంది సార్. చేతులు వణుకుతాయి. గుండె దడగా ఉందంటాడు మనిషి. కాసేపటికి ఊపిరి తేలికపడుతుంది."

"యేసుపాదానికి?"

"నాడి నా వేళ్ళ కింద సన్నబడిపోతూనే ఉంది. ఒక్కసారి కూడా పరుగెత్తలేదు. నేనే సరిగ్గా పొడవలేదేమో అనుకుని రెండోసారి ఇంకా లోతుగా పొడిచాను." లాల్ అహ్మద్ ఊచలకి నుదురు ఆనించాడు. "ఆయన నా మొహంలోకే చూస్తున్నాడు సార్. కిందటిసారి గట్టెక్కించింది నేనే గదా. ఈసారీ గట్టెక్కిస్తానని ధైర్యంగా ఉన్నాడు. చివరిదాకా అలాగే చూశాడు."

"అయిందా పరామర్శ?"

గుమ్మంలో సర్కిల్ ఇన్‌స్పెక్టర్ అంకమ్మరావు నిలబడి ఉన్నాడు. జయరావూ అతనూ ఒకే బ్యాచి. ట్రైనింగు రోజులనుంచీ ఒకరంటే ఒకరికి పడదు.

"నా సర్కిల్లో చావుకి గుంటూరు నుంచి నువ్వు దిగాల్సిన పనేంటయ్యా?"

"సాక్షి పోలీస్ స్టేషన్లో పోయాడు. ఎస్పీ వెళ్ళమన్నాడు, వచ్చాను."

"దర్యాప్తు చెయ్యటానికి ఇందులో ఏముంది? కిటికీకి కందిరీగల గూడుంది. కుట్టింది. ఈ మహానుభావుడు డాక్టరు వేషం కట్టి ఏదో పొడిచాడు, గుండె ఆగింది. పోలీసోడి చేతిలో లాఠీ ఉండాలి గానీ సూది ఉండకూడదని అప్పుడే మొత్తుకున్నాను. ఎవడన్నా విన్నాడా?"

"గూడు చూపించు."

వరండా గది కిటికీ మూలన పిడికెడు మట్టిముద్ద ఉంది. జయరావు పెన్నుతో గీకాడు. ఎండిపోయిన మట్టి పొడిపొడిగా రాలింది. లోపల ఏమీ లేదు.

"ఇది కుమ్మరి పురుగు గూడు. అది మట్టితో కడుతుంది. కందిరీగ గూడు కాగితంలా పల్చగా, అరలు అరలుగా ఉంటుంది. పైగా దీన్ని వదిలేసి ఎన్నాళ్ళయిందో."

"అయితే బయటినుంచి ఎగిరొచ్చింది. పురుగుక్కూడా అరెస్టు వారంటు రాయమంటావా?"

"దారిలో ఆస్పత్రి దగ్గర ఆగి శవాన్ని చూశాను. కుట్టిన గుర్తులు రెండే. రెండూ కుడి చంకలో. ఎగిరొచ్చిన కందిరీగ మొహమ్మీదో మెడమీదో కుడుతుంది. చొక్కా తొడుక్కున్న మనిషి చంకలోకి ఎలా దూరింది?"

అంకమ్మరావు కిటికీ వైపు చూశాడు.

"అది ముందే చొక్కాలో ఉంది. చొక్కా చేతి మడతలో పెట్టి ఉంది. ఏదీ ఆ చొక్కా?"

"వాడి సామానంతా సంచిలో వేయించి వాడి అక్కకి ఇచ్చేశాను. బయట కూర్చుంది."

"పగిలిన యాంప్యూల్స్?"

"ఊడ్పించేశాను."

జయరావు పెరట్లోకి వెళ్ళి చెత్తడబ్బా నేలమీద బోర్లించాడు. బూడిద, టీపొడి, బీడీ ముక్కలు. వాటి మధ్య రెండు గాజు గొట్టాలు దొరికాయి. మెడలు విరిగాయి గానీ ఒంటికి అంటించిన లేబుళ్ళు అలాగే ఉన్నాయి. రెంటిమీదా అడ్రినలిన్ అనే ఉంది.

అతను గదిలోకొచ్చి గాజుగ్లాసులో నీళ్ళు పోసి రెంటినీ అందులో వేశాడు. తన సంచిలోంచి ఇంకో నీలం పెట్టె తీసి బల్లమీద పెట్టాడు. పోల్చి చూసుకోటానికి ఉంటుందని గుల్జార్ బేగం తన బీరువాలోంచి స్వయంగా తీసిచ్చిన కొత్త పెట్టె అది.

అయిదు నిమిషాలయ్యాక గ్లాసులో రెండు లేబుళ్ళూ ఊడి పైకి తేలాయి. రెంటికిందా ఇంకో లేబులు ఉంది. జయరావు గాజు గొట్టాలు రెంటినీ వెలుతురుకి పెట్టి చదివాడు.

"శుద్ధమైన నీళ్ళు. పొడి మందుల్లో కలుపుకునేవి. యేసుపాదానికి మూడుసార్లూ నీళ్ళే ఎక్కాయి."

అంకమ్మరావు ఆ గొట్టాలు లాక్కుని తనూ చూశాడు. మొహంలో రంగు మారింది గానీ మాట తగ్గలేదు. "వాడే మార్చి ఉంటాడు."

"మార్చినవాడు మూడుసార్లు పొడిచి, గోడమీద టైము రాసుకుని, శవం పక్కన కూర్చుని ఏడుస్తాడా? ఈ పెట్టె తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?"

"తాళం లేదండి." పక్కనున్న రికార్డు గదిలోంచి జవాబొచ్చింది. "ప్రాణం పోతుంటే తాళంచెవి వెతుక్కుంటారా అని డాక్టరమ్మే వద్దన్నారు. స్టేషన్లో ఎవరైనా తియ్యొచ్చు."

మాట్లాడినవాడు సింగరయ్య, స్టేషన్ రైటరు. మఫ్టీలో ఉన్నాడు. వంచిన తల ఎత్తకుండా పంచనామా రాస్తున్నాడు. అక్షరాలు అచ్చుగుద్దినట్టున్నాయి. లాల్ అహ్మద్‌తోపాటు ట్రైనింగుకి వెళ్ళిన రెండోవాడు అతనే.

"పొద్దున నువ్వెక్కడున్నావు?"

"తొమ్మిదిన్నరకి తపాలు తీసుకుని సర్కిల్ ఆఫీసుకి వెళ్ళానండి. పదకొండింటికి వచ్చాను. అప్పటికే అంతా అయిపోయింది."

"అవును, నా దగ్గరికే వచ్చాడు" అన్నాడు అంకమ్మరావు.

జయరావు లాకప్ వైపు తిరిగాడు. "ఆ చొక్కా ఎవరు తెచ్చారు?"

"ఎవరూ చూళ్ళేదు సార్. పావు తక్కువ పదికి నేను డ్యూటీ ఎక్కేసరికి వరండాలో బల్లమీద కొత్త చొక్కా పొట్లం ఉంది. 'యేసుపాదానికి, ఇంటినుంచి' అని చీటీ. కోర్టుకి అక్క పంపిందని సంబరపడి, స్నానం చేసొచ్చి, కొలత చూసుకుంటానని పదీ పదికి తొడిగాడు."

జయరావు యేసుపాదం అక్కని లోపలికి పిలిచాడు. ఎలీసమ్మకి నలభై అయిదేళ్ళుంటాయి. తమ్ముడి సంచి రెండు చేతులా గుండెకి కరుచుకుని వచ్చి బెంచీ అంచున కూర్చుంది. కళ్ళు ఏడ్చి ఏడ్చి ఆరిపోయి ఉన్నాయి.

"తమ్ముడికి కొత్త చొక్కా పంపావా అమ్మా?"

"నేనేడ పంపానయ్యా? ఉతికిన పాతదే రేపు పొద్దున్నే తెద్దామనుకున్నా."

సంచిలోంచి చొక్కా తీసి చూసింది. తెల్లచొక్కా. గుండీల పట్టీ దగ్గర ఆమె వేళ్ళు ఆగిపోయాయి. కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది.

"ఈ కాజాలు నేను కుట్టినయ్యేనయ్యా!"

"నువ్వా?"

"మాబు టైలరు కొట్టులో కాజాలు కుట్టేది నేనే. శుక్రవారం కుట్టా. మొదటి కాజా కాస్త పక్కకి పోయింది, చూడు. ఈ చొక్కా కుట్టించుకున్నాయన వచ్చి తీసుకుపోతా ఉంటే ఆడే కూచునున్నా. పేరు తెలవదు. మనిషిని చూస్తే మటుకు చెప్తా."

"చూస్తే గుర్తుపడతావా?"

"ఎందుకు పట్టనయ్యా? నా తమ్ముడిని చంపినోడా వాడు?"

ఆమె మాట్లాడుతూనే చేతి పట్టీ కాజా కోసం వెతుకుతోంది. జయరావు చూపు చొక్కామీద పడింది. కుడిచెయ్యి లోపలిది బయటికి తిరిగి వేలాడుతోంది. ఎడమచెయ్యి మడత విప్పలేదు. మడతకి గుండుసూది కూడా తియ్యలేదు.

యేసుపాదం ముందు కుడిచెయ్యి దూర్చాడు. కుట్టగానే చొక్కా విసిరేశాడు. ఎడమచెయ్యి ఎవరూ విప్పలేదు.

"అమ్మా, వదిలెయ్! అది వదిలెయ్!"

అప్పటికే ఆమె గుండుసూది లాగింది. మడతలోంచి ఎర్రటి కందిరీగ జారి మణికట్టు మీద వాలింది. ఎలీసమ్మ "అబ్బా" అని చెయ్యి విదిలించింది. జయరావు దాన్ని బూటుకింద నలిపేశాడు.

మూడూ నలభై.

ఆమె మణికట్టు వంక చూసుకుంది. కేక పెట్టలేదు. "మా ఇంట్లో ఎవరికీ పడదయ్యా" అంది నెమ్మదిగా. "మా నాయన కూడా తేనెటీగ కుట్టే పోయాడు."

నిమిషం తిరక్కుండా మెడమీద దద్దుర్లు లేచాయి. పెదాలు ఉబ్బాయి. కనురెప్పలు వాచి కళ్ళు మూసుకుపోయాయి. ఊపిరి తీస్తుంటే ఈల వేసినట్టు చప్పుడొస్తోంది. జయరావు ఆమెని నేలమీద పడుకోబెట్టాడు. కొత్త పెట్టె పక్కనే ఉంది. అందులో ఏది ముందు తియ్యాలో, ఎంత ఎక్కించాలో అతనికి తెలియదు. పద్నాలుగేళ్ళ సర్వీసులో ఏ ఒక్కరూ నేర్పలేదు.

"సింగరయ్యా! రా, తొందరగా!"

సింగరయ్య రికార్డు గది గుమ్మంలోనే ఆగిపోయాడు. "నాకు చెయ్యి తిరగదండి. క్లాసులో చూట్టమే గానీ ఎప్పుడూ పొడవలేదు. భయమండి."

"అంకమ్మరావ్, లాకప్ తాళం!"

"మళ్ళీ వాడి చేతికి సూదా?" అంకమ్మరావు జేబుమీద చెయ్యి వేసి నిలబడ్డాడు. "ఇంకో శవం లేస్తే నా ఉద్యోగం పోతుంది."

"ఇవ్వకపోతే ఇంకో అయిదు నిమిషాల్లో లేస్తుంది. అప్పుడు టైము నేను రాస్తాను గోడమీద. పక్కన నీ పేరు కూడా రాస్తాను."

ఎలీసమ్మ గొంతులో ఈల సన్నబడింది. అంకమ్మరావు ఆమె వంక చూశాడు. తాళంచెవులు తీసి విసిరాడు.

లాల్ అహ్మద్ బయటికొచ్చీ రావటంతోనే ఆమె పక్కన మోకాళ్ళమీద కూర్చున్నాడు. "కాళ్ళు ఎత్తి పట్టుకోండి సార్" అన్నాడు. ఎవరినన్నాడో అతనికే తెలియదు. అంకమ్మరావు వంగి ఆమె కాళ్ళు ఎత్తి పట్టుకున్నాడు. లాల్ అహ్మద్ యాంప్యూల్ మెడ విరిచి, సగం మందు సిరంజిలోకి లాగి, గాలి తీసేశాడు. అక్కడ అతని చెయ్యి ఆగిపోయింది.

"ఇది మందేనా సార్?"

"డాక్టరమ్మ చేతిలోంచి నా చేతికొచ్చింది. మధ్యలో ఎవరూ ముట్టుకోలేదు."

తొడ బయటివైపు సూది దిగింది. లాల్ అహ్మద్ లేచి గోడమీద మూడు టైముల పక్కన రాశాడు. మూడూ నలభై అయిదు. మళ్ళీ వచ్చి ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

జయరావు వాచీ చూస్తున్నాడు. నలభై ఆరు. ఈల ఆగలేదు. నలభై ఏడు. అంకమ్మరావు నుదుటిమీద చెమట కారి ముక్కుమీదికి జారుతోంది, తుడుచుకోటానికి చెయ్యి ఖాళీ లేదు. నలభై ఎనిమిది.

"పరుగెత్తుతోంది సార్!" లాల్ అహ్మద్ అరిచాడు. "నాడి పరుగెత్తుతోంది. చూడండి, వేళ్ళు వణుకుతున్నాయి. పొద్దున ఇలా కాలేదు సార్. అల్లా సాక్షిగా పొద్దున ఇలా కాలేదు."

మరో నాలుగు నిమిషాలకి ఎలీసమ్మ గుండెనిండా ఊపిరి తీసుకుంది. కళ్ళు తెరుచుకోలేదు. నాలుక వాచి మాట రావటంలేదు. కానీ ఆ ఈల పోయింది.

అంకమ్మరావు ఆమె కాళ్ళు నెమ్మదిగా దించాడు. లాల్ అహ్మద్ వంక చూడలేకపోయాడు. టోపీ తీసి బల్లమీద పెట్టి, "చెయ్యి అదే, పొడిచిన తీరు అదే. మందే వేరు" అన్నాడు.

"ఇప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి సార్" అన్నాడు లాల్ అహ్మద్. "తగ్గినట్టే తగ్గి మళ్ళీ తిరగబెట్టొచ్చు. నేను వెంట వెళ్తాను."

"నువ్వు ఇంకా కస్టడీలోనే ఉన్నావు. ఎస్పీ ఆర్డరు లేకుండా గేటు దాటితే రేపు కోర్టు నన్ను అడుగుతుంది" అన్నాడు అంకమ్మరావు.

"నేను వెళ్తాను" అన్నాడు జయరావు. అప్పుడే టెలిఫోన్ మోగింది. అంకమ్మరావు ఎత్తి విని, రిసీవర్ చాచాడు. "ఎస్పీ. నిన్నే అడుగుతున్నాడు."

"నేను తీసుకెళ్తానండి" అన్నాడు సింగరయ్య, అప్పటికే ఎలీసమ్మ తలకింద చెయ్యి పెడుతూ. "దారిలో మళ్ళీ వస్తే, ఇప్పుడు దగ్గరుండి చూశాను గదండీ, తప్పదంటే పొడుస్తాను."

జయరావు పెట్టెలోకి చూశాడు. పెట్టెలో ఇంకో యాంప్యూల్ మిగిలుంది. పెట్టె మూసి సింగరయ్యకి ఇచ్చాడు. నాలుగింటికి జీపు కదిలిన చప్పుడు వినిపించింది.

ఎస్పీతో మాట్లాడి ఫోన్ పెట్టేసరికి నాలుగూ ఎనిమిది. లాల్ అహ్మద్ గోడకి చేరగిలబడి కుండలో నీళ్ళు తాగుతున్నాడు.

"నిన్ను వదలమన్నాడు ఎస్పీ" అన్నాడు జయరావు. "నీ చేతికి ఇంత పని వచ్చింది. ఆ రైటరుకి అదే క్లాసులో ఏమీ అబ్బలేదా?"

"ఎవరికి సార్, సింగరయ్య గారికా?" లాల్ అహ్మద్ గ్లాసు దించాడు. "ఆయనకి అబ్బకపోవటమేంటి? క్లాసులో ఫస్టు ఆయనే. బత్తాయికాయల మీద పొడిపించి నేర్పేవాళ్ళు. నేను మూడు రోజులు తంటాలు పడ్డాను, ఆయన మొదటిరోజే పట్టేశాడు. ఒకరోజు డాక్టరమ్మ రాకపోతే మా అందరికీ ఆయనే నేర్పాడు. చెయ్యి రాయిలా ఉంటుంది సార్, వణకదు."

జయరావు అంకమ్మరావు వైపు తిరిగాడు.

"పొద్దున నీ ఆఫీసుకి ఎన్నింటికొచ్చాడు?"

"పదీ... పదీ పదికి. వార్తలు అయిపోయి రేడియో కట్టేస్తున్నాను."

"ఇక్కణ్ణుంచి సైకిల్ మీద ఎంతసేపు?"

"పది నిమిషాలు."

తొమ్మిదిన్నరకి బయల్దేరినవాడు పది నిమిషాల దారికి నలభై నిమిషాలు తీసుకున్నాడు. చొక్కా పొట్లం పావు తక్కువ పదికి బల్లమీదుంది. చొక్కా తీసుకెళ్ళినవాణ్ణి చూస్తే చెప్తానని ఎలీసమ్మ అన్నప్పుడు అతను పక్కగదిలోనే ఉన్నాడు. ఆమె కళ్ళు వాచి మూసుకుపోయాకే దగ్గరికొచ్చాడు.

ముగ్గురూ బయటికి పరుగెత్తారు. చేతిపంపు దగ్గర జీపు డ్రైవరు బుడే మొహం కడుక్కుంటున్నాడు.

"ఏరా, నువ్విక్కడున్నావేంటి? జీపేది?" అంకమ్మరావు అరిచాడు.

"సింగరయ్య గారు తానే తోలుకుపోతానన్నారండి. నన్ను టీ తాగి రమ్మన్నారు." బుడే బెదిరిపోయి చూశాడు. "అదేంటోనండి, ఆస్పత్రి రోడ్డు ఎక్కకుండా కాలవకట్ట మీదికి తిప్పారు. అడ్డదారేమో అనుకున్నా."

అంకమ్మరావు అప్పటికే తన బుల్లెట్ ఎక్కి కిక్ కొడుతున్నాడు. మూడో కిక్‌కి అందుకుంది. జయరావు వెనక ఎక్కాడు.

"లాల్ అహ్మద్, ఎక్కరా!" అన్నాడు అంకమ్మరావు.

లాల్ అహ్మద్ జయరావు వెనక ఇరుక్కుని కూర్చున్నాడు. బుల్లెట్ గేటు దాటుతుంటే అతను జయరావు చెవి దగ్గర అరిచాడు.

"ఆ మందు పట్టు ఎంతోసేపు ఉండదు సార్! మళ్ళీ మొదలైతే వెంటనే రెండో సూది పడాలి."

"పడుతుంది. నువ్వున్నావుగా!"

"నేనుండి ఏం లాభం సార్? పెట్టె ఆయన దగ్గరే ఉంది!"